పట్టాలు పట్టుకుని ఆష్‌కాష్‌కి

ముందే ఒకటి క్లియర్ చేసేస్తా, సొంత విమానం అంటే మా బాబాయ్ అనుకున్నట్టు తెల్ల లెదర్ సీట్లూ ఎయిర్ హోస్టెస్సూ ఉండే జెట్ కాదు. 1970ల్లో తయారైన సెస్నా 172, నాలుగు సీట్లు, ముందు ఒక ప్రొపెల్లరు, 150 హార్స్‌పవర్ ఇంజను, అందులోనూ నాది నాలుగో వంతు వాటా. ఆ వాటా కొన్న డబ్బులకి ఇక్కడ ఓ మాదిరి కొత్త కారు వచ్చేది. ఏసీ లేదు, బాత్రూమ్ లేదు, జులైలో నేల మీద ఉన్నంతసేపూ చెమటతో చొక్కా వీపుకి అంటుకుపోతుంది. బాబాయ్‌కి ఫోటో పంపిస్తే "ఇదేంట్రా, అంబాసిడర్‌కి రెక్కలు పెట్టినట్టుంది" అన్నాడు, నిజంగా అలాగే ఉంటుంది, తప్పు పట్టలేం.

ఈ అంబాసిడర్ వేసుకుని ఒహాయోలోని కొలంబస్ పక్క నుంచి విస్కాన్సిన్‌లో ఆష్‌కాష్ దాకా వెళ్ళడం గురించే ఈ పోస్టు. ఆష్‌కాష్ అంటే మామూలు రోజుల్లో ఓ చిన్న ఊరు, విట్‌మన్ రీజనల్ ఎయిర్‌పోర్టు అని ఒక ఎయిర్‌పోర్టు. జులై ఆఖర్లో ఒక వారం మాత్రం ఈఏఏ ఎయిర్‌వెంచర్ అనే పెద్ద విమానాల షో జరుగుతుంది, అప్పుడు ఆ ఊరూ చుట్టుపక్కల ఎయిర్‌పోర్టులూ కలిపి దాదాపు 10,000 విమానాలు దిగుతాయి, 2024లో అయితే 6,86,000 మంది జనం వచ్చారు. ఆ వారం ఆష్‌కాష్ కంట్రోల్ టవర్ ప్రపంచంలోనే అన్నిటికన్నా బిజీ టవర్. దీన్ని మొదలుపెట్టింది ఏ పెద్ద కంపెనీనో కాదు, 1953లో మిల్వాకీలో పాల్ పోబెరెజ్నీ అనే ఆయన, ఇంట్లో షెడ్డులో సొంతంగా విమానాలు కట్టుకునే వాళ్ళ కోసం ఈఏఏ (ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్) అని ఒక సంఘం పెట్టాడు, అది పెరిగి పెరిగి 1970 నుంచి ఆష్‌కాష్‌లో స్థిరపడింది. మన బేగంపేటలో వింగ్స్ ఇండియా జరిగినప్పుడు జనం కారుల్లోనో మెట్రోలోనో వెళ్ళి విమానాలు చూసొస్తారు కదా, ఇక్కడ తేడా ఏంటంటే చూడ్డానికి వచ్చినవాళ్ళలో కొన్ని వేల మంది విమానాల్లోనే వస్తారు, వాళ్ళ విమానాలు కూడా షోలో భాగమైపోతాయి.

నన్నడిగితే అసలు షో కన్నా ఆ దిగడమే గొప్ప. సాయంత్రం విన్యాసాలు యూట్యూబ్‌లో చూసుకోవచ్చు, ఫిస్క్ అరైవల్, అంటే ఫిస్క్ అనే పల్లె మీదుగా వరసలో వచ్చి దిగే పద్ధతి, అది మాత్రం సీట్లో కూర్చుంటేనే తెలుస్తుంది.

ఫిస్క్ అరైవల్ సంగతి చెప్పేముందు నోటీసు సంగతి చెప్పాలి. ప్రతి ఏడాదీ ఎఫ్‌ఏఏ (అమెరికాలో విమానాల రూల్సు చూసే ప్రభుత్వ సంస్థ) వాళ్ళు ఈ షో కోసం ప్రత్యేకంగా ఒక బుక్‌లెట్ వేస్తారు, ముప్పై పేజీల పైమాటే, ఏ దారిలో రావాలి, ఎంత ఎత్తులో, ఎంత స్పీడులో, రేడియోలో ఏం వినాలి, ఎక్కడ వెనక్కి తిరగాలి అన్నీ బొమ్మలతో సహా ఉంటాయి. అది ప్రింట్ తీసుకుని హైలైటర్‌తో గీసుకుని కాక్‌పిట్లో చేతికందేలా పెట్టుకోవాలి. పరీక్షకి చదివినట్టు చదివా అంటే నమ్మండి, బీటెక్‌లో కూడా అంత చదవలేదు.

తర్వాత బరువు. మా విమానం మొత్తం బరువు 2,300 పౌన్లు దాటకూడదు, వెనక సామాన్ల చోట 120 పౌన్ల కన్నా ఎక్కువ పెట్టకూడదు, పెట్రోలు గ్యాలన్‌కి 6 పౌన్లు, ఇక మనుషులు, టెంటు, స్లీపింగ్ బ్యాగులు, విమానాన్ని నేలకి కట్టే తాళ్ళు, మేకులు, సుత్తి. అన్నీ బాత్రూమ్ కాటా మీద పెట్టి లెక్క రాస్తుంటే, నాతో వచ్చే ఫ్రెండు, తెనాలి వాడు, ఆవకాయ జాడీ పట్టుకొచ్చాడు. జాడీ ఎందుకురా ప్లాస్టిక్ డబ్బాలో వెయ్యి అంటే "డబ్బాలో వేస్తే ఆవకాయ అలుగుతుంది మావా" అంటాడు. చివరికి వాడి రెండో జత బూట్లు తీసేశాం, జాడీ ఎక్కింది.

కొలంబస్ నుంచి ఆష్‌కాష్‌కి మ్యాపు మీద స్కేలు పెట్టి గీత గీస్తే అది లేక్ మిషిగన్ మీద నుంచి పోతుంది. చాలామంది దాటుతారు, నేను దాటను. లెక్క సింపుల్, సెస్నా 172 ఇంజను ఆగిపోతే 10,000 అడుగుల ఎత్తు నుంచి సుమారు 15 నాటికల్ మైళ్ళు (దాదాపు 28 కిలోమీటర్లు) జారుకుంటూ వెళ్ళగలదు, సరస్సు మధ్యలో ఏ ఒడ్డూ అంత దగ్గర్లో ఉండదు, నీళ్ళేమో జులైలో కూడా చల్లగానే ఉంటాయి. అరగంటో ముప్పావుగంటో మిగులుతుందని అంత రిస్కు దేనికి. అందుకని పడమటికి ఇండియానా మీదుగా వెళ్ళి లఫాయెట్‌లో పెట్రోలు పోయించుకుని, షికాగో పెద్ద విమానాల గోల తగలకుండా ఊరికి బాగా పడమరగా చుట్టుకుని రాక్‌ఫర్డ్ పక్క నుంచి విస్కాన్సిన్‌లోకి వెళ్ళాం. లఫాయెట్‌లో ఎయిర్‌పోర్టు పర్‌డ్యూ యూనివర్సిటీది, పేరున్న మహిళా పైలట్ అమీలియా ఇయర్‌హార్ట్ 1930ల్లో అక్కడ అమ్మాయిలకి కెరీర్ కౌన్సెలర్‌గా పనిచేసింది, ఆమె ఆఖరి ప్రయాణంలో వాడిన ఎలెక్ట్రా విమానం కొనడానికి డబ్బు సమకూర్చింది కూడా పర్‌డ్యూ వాళ్ళే. పెట్రోలు నిండేలోపు మావాడికి ఇదంతా చెప్తే "ఆవిడ తిరిగి రాలేదు కదా, ఇప్పుడు ఎందుకు చెప్తున్నావు" అన్నాడు.

ఇండియానా, ఇల్లినాయ్ మీద చెప్పుకోడానికి ఏమీ లేదు, మొక్కజొన్న, సోయా, మళ్ళీ మొక్కజొన్న. ఆ రాత్రి ఆష్‌కాష్‌కి ఓ గంట లోపు దూరంలో ఒక చిన్న ఎయిర్‌పోర్టులో ఆగిపోయాం. ఇది నేను అందరికీ చెప్పే సలహా, అలిసిపోయి సాయంత్రం పూట ఆ క్యూలో దూరొద్దు. పొద్దున్నే గాలి ప్రశాంతంగా ఉంటుంది, మనిషి బుర్ర కూడా తాజాగా ఉంటుంది. పైగా షో మొదలయ్యాక రోజూ మధ్యాహ్నం విన్యాసాల టైములో ఎయిర్‌పోర్టు కొన్ని గంటలు మూసేస్తారు.

ఇక ఫిస్క్. రిపన్ అని ఒక ఊరుంది (అమెరికా రిపబ్లికన్ పార్టీ 1854లో పుట్టింది ఇక్కడే అని వాళ్ళు చెప్పుకుంటారు), అక్కడి నుంచి ఈశాన్యంగా ఫిస్క్ అనే పల్లె దాకా రైలు పట్టాలున్నాయి. వచ్చే ప్రతి చిన్న విమానం ఆ పట్టాల మీదుగానే, 1,800 అడుగుల ఎత్తులో, 90 నాట్స్ (గంటకి దాదాపు 167 కిలోమీటర్లు) స్పీడులో, ముందున్న విమానానికి అర మైలు వెనక, వరసగా రావాలి. ఆ 1,800 సముద్ర మట్టం నుంచి, అంటే నేల మీద నుంచి వెయ్యి అడుగులే. 90 నాట్స్‌లో ఎగరలేని ఫాస్ట్ విమానాలకి పైన 2,300 అడుగుల్లో 135 నాట్స్ లైను వేరే ఉంటుంది. ఓవర్‌టేక్ చెయ్యకూడదు, ముందువాడికి మరీ దగ్గరైపోతే అటూ ఇటూ వంకర్లు తిరక్కుండా లైను వదిలేసి, వెనక్కెళ్ళి మళ్ళీ మొదటి నుంచి రావాలి. రద్దీ ఎక్కువైతే రష్ లేక్, గ్రీన్ లేక్ చుట్టూ తిప్పుతారు. 2018లో వాతావరణం బాలేక రెండు రోజుల జనం ఒకేసారి ఎగబడితే ఆ చుట్లు గంటల తరబడి సాగాయి, ఆ తర్వాతే లైను ఇంకా దూరం నుంచి మొదలయ్యేలా రూల్సు మార్చారు.

అన్నిటికన్నా విచిత్రం ఏంటంటే మనం మాట్లాడకూడదు. ఎగరడం నేర్చుకున్న మొదటి రోజు నుంచీ టవర్ ఏం చెప్పినా తిరిగి చెప్పాలని బుర్రలోకి ఎక్కిస్తారు, ఇక్కడ రేడియోలో 120.7 ఫ్రీక్వెన్సీ పెట్టుకుని నోరు మూసుకుని వినడమే. ఫిస్క్‌లో కంట్రోలర్లు బైనాక్యులర్లు పట్టుకుని ఆరుబయట కూర్చుంటారు, రాడార్‌తో పని లేకుండా కంటితో చూసి "తెలుపు ఎరుపు హై వింగ్ (అంటే రెక్క పైన ఉండే విమానం), రెక్కలూపు" అంటారు, మనం స్టీరింగ్ అటూ ఇటూ తిప్పి రెక్కలు ఊపితే అదే జవాబు. ఇన్ని విమానాలు ఒకే ఫ్రీక్వెన్సీలో మాట్లాడ్డం మొదలెడితే ఎవడి మాటా ఎవడికీ వినపడదు కాబట్టి ఇంతకన్నా మంచి పద్ధతి లేదు, పది మంది చుట్టాలు ఒకే వీడియో కాల్‌లో ఉన్న ఇంట్లో పుట్టినవాణ్ణి నాకు ఇది చెప్పక్కర్లేదు.

మావాడి పని బయటికి చూడ్డం. "పట్టాలు కనిపిస్తున్నాయారా?" "ఆ, నీ ఎడం పక్కకి వచ్చేస్తున్నాయి, కొంచెం ఎడంగా పో." "ముందు వాడు?" "పసుపు రంగుది, చిన్నది, ఉన్నాడు." "వెనకో?" "వెనక ఒకడు కాదు మావా, తోరణం కట్టారు." నేను వెనక్కి చూడలేదు. పది డిగ్రీల ఫ్లాప్స్ (రెక్కల వెనక కిందకి వంగే భాగాలు) వేసి, స్పీడు 90 దగ్గర పట్టుకుని, ఎత్తు చూసుకుంటూ, పసుపు విమానం విండ్‌షీల్డ్‌లో అదే సైజులో ఉండేలా చూసుకోవడమే నా పని. ఫిస్క్ దగ్గరికి రాగానే మా రంగు చెప్పి రెక్కలూపమన్నారు, ఊపాను, "గుడ్ రాక్ (బాగా ఊపావు), ఫిస్క్ అవెన్యూ మీదుగా తూర్పుకి పో, రన్‌వే 36 లెఫ్ట్, టవర్ విను" అన్నారు. ఫిస్క్ అవెన్యూ అంటే నిజంగా రోడ్డే, కింద కార్లు పోతుంటాయి, వాటి మీదుగా మనం.

రన్‌వే మీద పెద్ద పెద్ద రంగు చుక్కలు వేసుంటాయి. మామూలుగా ఒక రన్‌వే మీద ఒకసారికి ఒక విమానమే, ఇక్కడ ఎఫ్‌ఏఏ ఆ రూలుని ఈ వారానికి సడలిస్తుంది, ఒకడు ఈ చుక్క మీద ఒకడు ఆ చుక్క మీద, ఒకేసారి. మాకు ఆకుపచ్చది వచ్చింది. ఎడమకి తిరిగి ఫైనల్ మీదకి, అంటే రన్‌వేకి సూటిగా, రాగానే పసుపువాడు ఇంకా ముందు రోల్ అవుతూనే ఉన్నాడు, మా ఊరి ఎయిర్‌పోర్టులో అయితే ఆ దృశ్యం చూసి ఖచ్చితంగా మళ్ళీ పైకి లేచిపోయేవాణ్ణి. చుక్క దాకా పవర్ కొంచెం పట్టుకుని దించాను, దిగీ దిగగానే "వెల్‌కమ్ టు ఆష్‌కాష్, గడ్డిలోకి తిరుగు" అన్నారు. మావాడు గట్టిగా ఈల వేశాడు, హెడ్‌సెట్లో చెవులు పోయాయి.

అక్కడి నుంచి వాలంటీర్ల రాజ్యం. విండ్‌షీల్డ్ వెనక పెద్దక్షరాలతో జీఏసీ అని కాగితం పెట్టుకోవాలి, అంటే మేము రెక్క కింద టెంటు వేసుకునేవాళ్ళం అని, అది చూసి జెండాలు ఊపుతూ గడ్డిలో మన వరస దాకా తీసుకెళ్తారు. ఇలాంటి వాలంటీర్లు 5,000 మందికి పైనే, చాలామంది రిటైరైన వాళ్ళు, సెలవు పెట్టుకుని మరీ వచ్చినవాళ్ళు. దిగిన వెంటనే చెయ్యాల్సిన పని మేకులు దిగ్గొట్టి విమానాన్ని కట్టెయ్యడం, టీలూ ఫోటోలూ తర్వాత. విస్కాన్సిన్ జులై వానలు మామూలువి కావు, 2010లో వాన దెబ్బకి ఆ పచ్చికంతా బురదైపోయి విమానాలు పెట్టడానికి చోటు లేక చాలామందిని వేరే ఎయిర్‌పోర్టులకి మళ్ళించారు, ఆ ఏడాదికి స్లాష్‌కాష్ అని పేరు పడిపోయింది. మాకూ ఒక రాత్రి గాలివాన వచ్చింది, రెక్క కింద టెంటులో పడుకుంటే రెక్క మీద చినుకుల చప్పుడు రేకుల ఇంట్లో పడుకున్నట్టే ఉంది, మధ్యమధ్యలో లేచి తాళ్ళు చూసుకోవడంతోనే సరిపోయింది.

పొద్దున ఆరింటికల్లా అలారంతో పని లేదు, ఎయిర్‌పోర్టు తెరవగానే ఏదో ఒక పాత ఫైటర్ ఇంజను స్టార్ట్ అవుతుంది. పక్క విమానం వాళ్ళు కాన్సాస్ నుంచి వచ్చిన ముసలి దంపతులు, ఆయన కాఫీ ఇచ్చాడు, మేము పులిహోర ఇచ్చాం, ఆవకాయ వద్దని ఎంత చెప్పినా రుచి చూస్తానన్నాడు, తర్వాత పది నిమిషాలు మాట్లాడలేదు, మర్నాడు గిన్నె పట్టుకుని మళ్ళీ వచ్చాడు.

నాకు అన్నిటికన్నా నచ్చిన చోటు హోమ్‌బిల్ట్ వరసలు. కార్ గ్యారేజీలో ఐదేళ్ళో పదేళ్ళో కూర్చుని రివెట్టు రివెట్టు కొట్టి కట్టుకున్న విమానాలు, పక్కనే కుర్చీలో కట్టినవాడు, ఏ ప్రశ్న అడిగినా ఓపిగ్గా చెప్తాడు. అక్కడే టెంట్లలో వెల్డింగ్, రెక్కలకి గుడ్డ అంటించడం, రేకు వంచడం చేతితో చేయించి మరీ నేర్పిస్తారు. జెట్ ఫైటర్లు, పేద్ద కార్గో విమానాలు అన్నీ ఉంటాయి, వాటి చుట్టూ జనం కూడా, నేను మాత్రం ఒక రౌండు కొట్టి మళ్ళీ హోమ్‌బిల్టుల దగ్గరికే వచ్చేసేవాణ్ణి. రాత్రి షో బుధ, శని వారాల్లో ఉంటుంది, బాణసంచా బాగుంటుంది, పిల్లలుంటే తప్పకుండా చూపించండి.

వెళ్ళాలనుకునే మన పైలట్లకి నాలుగు ముక్కలు. మీ విమానంలో 90 నాట్స్‌లో ఎత్తు చెదరకుండా ఎగరడం, చెప్పిన చోట దించడం ఇంటి దగ్గరే ప్రాక్టీస్ చెయ్యండి, వీలైతే ఇన్‌స్ట్రక్టర్‌ని పక్కన పెట్టుకుని. దారి మధ్యలో మనసు మారితే ఫాండ్‌డులాక్, యాపిల్టన్ ఎయిర్‌పోర్టులున్నాయి, అక్కడ దిగి రోడ్డు మీద వెళ్ళిపోవచ్చు, పరువేం పోదు. టెంటు మా వల్ల కాదు అనే వాళ్ళకి యూనివర్సిటీ ఆఫ్ విస్కాన్సిన్ ఆష్‌కాష్ హాస్టల్ గదులు ఆ వారం అద్దెకిస్తారు, ముందే బుక్ చేసుకోవాలి. ఇక కొలంబస్ చుట్టుపక్కల ఉండి వచ్చే జులైకి నాతో కుడి సీట్లో రావాలనుకునేవాళ్ళు మెసేజ్ పెట్టండి, మావాడికి ఈసారి అదే వారంలో చెల్లెలి పెళ్ళి, రాలేనన్నాడు. బరువెంతో నిజం రాయండి.