వీధరుగు నుంచి పెరటి దాకా

శ్రీకాకుళం జిల్లాలో పాత పెంకుటిళ్లు చూడాలంటే హైవే దిగాల్సిందే. హైవే పక్కన కనిపించేవన్నీ ఆకుపచ్చ, గులాబి రంగులు వేసిన శ్లాబు ఇళ్లు. కంచిలి దగ్గరో సోంపేట దగ్గరో సముద్రం వైపు తిరిగితే మాత్రం కాసేపట్లోనే గాలి చల్లబడుతుంది, రోడ్డుకి రెండు పక్కలా కొబ్బరి, జీడి, పనస చెట్లు మొదలవుతాయి. అదే ఉద్దానం. ఆ తోటల మధ్య ఊళ్లలో వరస ఇళ్లు ఇంకా ఉన్నాయి. కవిటి దగ్గర అలాంటి ఒక వీధిలో మా పెద్దమ్మ ఉంటుంది. ఉగాది వెళ్లాక, ఎండలు ముదరకముందు, ఆవిడ దగ్గరికి బయల్దేరాను. సంచిలో అమ్మ ఇచ్చిన పాత ఇత్తడి గుండిగ ఉంది. దానికి దారిలో కళాయి, అంటే లోపలి వైపు తగరం పూత, వేయించాలి.

విశాఖలో పొద్దున్నే రైలెక్కి ముందు విజయనగరంలో దిగాను. ఆ ఊరి కోట చుట్టూ తిరగడం నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. 1713లో కట్టిన కోట అది. అక్కడి నుంచి 1885 నాటి గంటస్తంభం దాకా నడిస్తే దుకాణాల బోర్డుల మధ్య ఇంకా కొన్ని పాత ఇళ్లు తగులుతాయి. ఎత్తరుగులు, అరుగు మీద చెక్క స్తంభాలు, గుమ్మం పైన చెక్కిన లతలు. కొన్నింటికి తాళాలు పడ్డాయి. గురజాడ అప్పారావు గారు ఉన్న ఇంటిని స్మారకంగా నిలబెట్టారు కాబట్టి అది మిగిలింది, అందుకు సంతోషం. కానీ నాకు ఇల్లంటే లోపల పోపు వాసన రావాలి, తీగ మీద తడి బట్టలు ఆరుతూ ఉండాలి. అందుకే అక్కడ ఎక్కువసేపు ఉండలేదు, తర్వాతి రైలు పట్టుకున్నాను.

చీపురుపల్లి, సిగడాం దాటాక పొందూరు వస్తుంది. ఖద్దరు ఊరు. అక్కడ ఒకసారి దిగి, ఆడవాళ్లు ఇంటి దగ్గరే కూర్చుని వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వడం చూశాను. ఆ సన్నటి పళ్లకి గింజ చుట్టూ ఉన్న చెత్తా చెదారం పోయి పీచు సాపుగా వస్తుంది. అలా దువ్వి, ఏకి, వడికిన నూలుతో నేసిన పంచె చేతిలోకి తీసుకుంటే బరువే తెలియదు. ఈసారి దిగే టైము లేక కిటికీలోంచే చూసి సరిపెట్టుకున్నాను.

శ్రీకాకుళం రోడ్డు స్టేషను ఉన్నది ఆమదాలవలసలో. అక్కడ దిగి ఆటోలో సరుబుజ్జిలి వైపు వెళ్తే బుడితి. కంచు, ఇత్తడి సామానుకి పేరున్న ఊరు, ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. గుండిగ చూడగానే పెద్దాయన వేలితో అంచు మీద కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

“ఎవులిదమ్మా ఇది? పాతకాలం సరుకు. ఇంత దళసరి ఇప్పుడు ఎవులూ పొయ్యరు.”

“మా అమ్మమ్మది బాబూ. లోపల కళాయి పోయింది.”

“పులుసు కాస్తే చిలుము పడిపోద్ది. ఇచ్చీ, ఏసిస్తాను.”

ముందు ఇసుక, చింతపండు వేసి లోపలంతా కరకరా తోమాడు. తర్వాత బొగ్గుల కుంపటి మీద గుండిగని ఏటవాలుగా పట్టుకుని తిప్పుతూ కాల్చాడు. బాగా వేడెక్కాక నవాసారం పొడి చల్లి దూదితో తుడిచాడు, ఒక్కసారి తెల్లటి పొగ లేచి కళ్లు మండాయి. ఆ పొగలోనే తగరం కడ్డీ లోపల తాకించాడు. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది, ఇత్తడికి ఆ వేడి ఒక లెక్క కాదు. కరిగిన చుక్కని దూదితో గబగబా రుద్దుతూ పోతుంటే పసుపు రంగు వెనక్కి పోతూ వెండి తెలుపు ముందుకొచ్చింది. అడుగు నుంచి మెడ దాకా ఎక్కడా ఆగలేదు, ఎక్కడా మందం కాలేదు. నీళ్లలో ముంచగానే చుయ్‌మంది. కళాయి వేసేవాళ్లు మా చిన్నప్పుడు వీధి వీధికీ కేకేసుకుంటూ వచ్చేవాళ్లు. ఇప్పుడు ఆ కేక వినపడదు. ఇత్తడి గిన్నెలు మాత్రం సిటీలో ఖరీదైన ఇళ్ల గాజు బీరువాల్లో, పూలు పెట్టుకునే కుండీలుగా కనిపిస్తున్నాయి. పప్పుచారు కాగాల్సిన గుండిగ పూలకుండీ కావడం నాకు బాధగానే ఉంటుంది.

సాయంత్రానికి సోంపేట స్టేషనులో దిగాను. అన్నయ్య బండి మీద వచ్చాడు. దారంతా జీడిపండ్ల వాసన. ఘాటుగా, తియ్యగా, కాస్త పులిసినట్టుగా ఉండే ఆ వాసన ఈ నెలల్లో ఉద్దానం మొత్తం కమ్మేస్తుంది.

పెద్దమ్మ వాళ్ల వీధి మొత్తం ఒకే కప్పు కింద ఉన్నట్టుంటుంది. పక్కింటికీ ఈ ఇంటికీ మధ్య ఒకటే గోడ. ముందు వీధరుగు ఈ చివర నుంచి ఆ చివర దాకా సాగుతుంది, వానాకాలం తడవకుండా పది ఇళ్లు దాటి పోవచ్చు. ఇంటికి వెడల్పు తక్కువ, పొడవు ఎక్కువ. వీధి గుమ్మం, నడవ, నడిమింటి గది, వంటిల్లు, పెరటి గుమ్మం, తలుపులన్నీ ఒకే వరసలో ఉంటాయి. వీధిలో నిలబడి చూస్తే చీకటి గదుల అవతల, చిట్టచివర, పెరట్లో అరటాకు ఊగుతూ కనిపిస్తుంది. నాకు ఈ ఇంట్లో అన్నింటికంటే ఇష్టమైనది ఆ చూపే.

“ఏటే, అలాగ నిలబడిపోనావు? కాళ్లు కడుక్కుని లోపలికి రా” అని పెద్దమ్మ కేకేసింది.

అలా వరసగా తలుపులు పెట్టడంలో ఒక తెలివి ఉంది. సాయంత్రం సముద్రపు గాలి పెరటి గుమ్మంలో దూరి వీధి గుమ్మంలోంచి బయటికొస్తుంది. నడవలో చాప వేసుకుని పడుకుంటే ఫ్యాను అక్కర్లేదు. నడవ మధ్యలో కప్పు కొంచెం తెరిచి ఉంటుంది, మధ్యాహ్నం ఒక నలుచదరపు ఎండ ముక్క నేల మీద పడి నెమ్మదిగా గోడ వైపు జరుగుతుంది. పెద్దమ్మ ఒడియాలు, ఊరమిరపకాయలు ఆ ఎండతో పాటే జరుపుకుంటూ పోతుంది. వెనక గదులకి ఇప్పటికీ మట్టి నేలే. ప్రతి శుక్రవారం పేడతో అలుకుతారు, ఆరాక కాలికి తగిలే ఆ చల్లదనం ఏ టైల్సుకీ రాదు.

నడిమింట్లో భోషాణం ఉంది. అందులో పెళ్లిళ్లకి తీసే గంగాళాలు, దాని మీద రోజూ తీసే కొలతలు. బియ్యం కొలవడానికి పెద్దమ్మ ఇప్పటికీ తవ్వ, సోల వాడుతుంది. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం అని మనవరాలికి అప్పజెప్పించింది. ఇత్తడి పట్టీలు వేసిన చెక్క కుంచం మాత్రం పండగ రోజు కొత్త ధాన్యానికే.

వీటన్నింటిలోకీ నేను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది రంగం పెట్టె. రంగం అంటే రంగూను. మన ఉత్తరాంధ్ర నుంచి ఎంతోమంది ఓడలెక్కి అక్కడి మిల్లుల్లో, రేవుల్లో పనికి వెళ్లారు. 1942లో జపాను దాడి జరిగినప్పుడు చాలామంది అడవుల్లోంచి నడిచి తిరిగొచ్చారు. పెద్దమ్మ మామగారు అంతకు ముందే వచ్చేశారట, వస్తూ ఈ తాంబూలం పెట్టె తెచ్చారు. గుండ్రంగా, ఎర్రగా ఉంటుంది. వెదురు బద్దలతో బుట్టలా అల్లి, దాని మీద అక్కడి చెట్టు పాలు పూత మీద పూత వేసి, ఆరబెట్టి, రుద్ది నునుపు చేస్తారు. మూత తీస్తే లోపల ఒకదాని మీద ఒకటి చిన్న పళ్లేలు. అంచు దగ్గర పూత కాస్త లేచిన చోట లోపలి వెదురు అల్లిక కనిపించింది, వెంట్రుక మందంలో ఎంత ఒద్దికగా అల్లారో! పై పళ్లెంలో వక్కలు, లవంగాలు. కింద పళ్లెంలో పెద్దమ్మ బీపీ మాత్రలు.

పాత సామాను కొనేవాళ్లు ఈ వీధికి తరచూ వస్తారట. గుమ్మాలు, స్తంభాలు, ఊయల గొలుసులు, ఏదైనా సరే. ఆ చివరింటి వాళ్లు టేకు ద్వారబంధం అమ్మేశారు. ఇప్పుడది ఏ హోటల్లో గోడకి ఆనించి ఉందో. ఈ పెట్టెకి కూడా ధర చెప్పారట.

“ఇచ్చేస్తే నా మాత్రలు ఎక్కడ ఎట్టుకోను?” అంది పెద్దమ్మ.

ఆవిడ దగ్గర పాత వస్తువు ఒక్కటీ ఊరికే కూర్చోలేదు. తోమడం, తుడవడం, చేతులు పడడం వల్లే అవి ఇంత నిగనిగలాడుతున్నాయని నా నమ్మకం.

పెరటి సంగతి చెప్పాలంటే ముందు తిత్లీ తుపాను చెప్పాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి. ఉద్దానంలో కొబ్బరి చెట్లు, జీడి తోటలు నేలకొరిగాయి. పెద్దమ్మ వాళ్ల పెరట్లో పెద్ద పనస వేళ్లతో సహా పడిపోయింది. కప్పు మీద పడి ఉంటే ఇల్లు మిగిలేది కాదు. అన్నయ్య దాన్ని వంటచెరుకుగా కొట్టించలేదు, పలకలు కోయించాడు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసేది పనస కర్రతోనే, అంత మంచి కర్ర. కోసిన కొత్తలో పసుపుపచ్చగా ఉండి, ఏళ్లు గడిచేకొద్దీ ఎర్రబారుతుంది. ఇప్పుడు ఆ పనస నడవలో ఊయల బల్ల. మధ్యాహ్నం భోజనం అయ్యాక దాని మీద నేను, మనవరాలు, ఒక పిల్లి.

తర్వాత నాటిన కొబ్బరి మొక్కలు ఇప్పుడిప్పుడే కాపుకొచ్చాయి. నూతి చుట్టూ అరటి, స్నానాల నీళ్లు పారే చోట కంద, బచ్చలి. పందిరి మీద ఆనపతీగ. తులసికోట పక్కన నందివర్ధనం, కనకాంబరాలు. గోడ బదులు మొగలి పొదలు, వాటి ముళ్లకి మేకలు రావు. ఎవరూ గీత గీసి నాటిన తోట కాదు. ఏ మొక్కకి నీడ కావాలి, దేనికి నీళ్లు ఎక్కువ పట్టాలి అని చూసుకుంటూ పెట్టుకున్నారు. పొద్దున్నే చేద పట్టుకుని పెద్దమ్మ వెనకే తిరిగాను. నూతి నీళ్లు ఇప్పుడు మొక్కలకే. ఉద్దానంలో కిడ్నీ జబ్బులు ఎన్ని ఇళ్లని కుదేలు చేశాయో తెలిసినవాళ్లకి ఆ మాట ఎంత బరువో తెలుస్తుంది. తాగడానికి, వంటకి హిరమండలం రిజర్వాయరు నుంచి పైపుల్లో వచ్చే వంశధార నీళ్లు పట్టుకుంటారు.

ఆ రోజు లేత పనసకాయ పొట్టు కొట్టి ఆవపెట్టి కూర చేసింది. పచ్చి జీడిపప్పు, ఆనపకాయ కలిపి ఇంకో కూర. కళాయి వేయించిన గుండిగలో పప్పుచారు కాచాం. పొంగు వచ్చినప్పుడు ఇత్తడి అంచు మీదుగా ఇంగువ, కరివేపాకు వాసన నడవ దాటి వీధరుగు దాకా వెళ్లి, పక్కింటి పిన్ని గిన్నె పట్టుకుని వచ్చేసింది.

సాయంత్రం అన్నయ్య సముద్రం వైపు పేటకి తీసుకెళ్లాడు. అక్కడ చుట్టిల్లు ఒకటి మిగిలి ఉంది. గుండ్రటి మట్టి గోడ, మీద తాటాకు కప్పు, చూరు ఎంత కిందికి ఉంటుందంటే వంగితే గానీ లోపలికి పోలేం. మూలలు లేవు కాబట్టి గాలి గోడని పట్టుకోలేదు, చుట్టూ జారిపోతుంది. చూరు నేలకి దగ్గరగా ఉంది కాబట్టి కప్పు కిందికి దూరి లేపలేదు. లోపల మట్టితో అలికిన అటక, దాని మీద వలలు. గోడ మీద ఆ ఇంటి కోడలు సున్నంతో గీసిన ముగ్గులు. ఏ ఇంజనీరూ గీసివ్వని ఆ ఇల్లు అంత పొందికగా ఉంటే, అక్కడి నుంచి కదలబుద్ధి కాలేదు.

తిరిగొచ్చాక రాత్రి కప్పు గురించే మాటలు. నాటు పెంకు, అంటే కుమ్మరి సారె మీద చేసి కాల్చిన సగం గొట్టాలు, ఒకటి వెల్లకిలా ఒకటి బోర్లా పేర్చుకుంటూ పోతారు. వానలకి ముందు దింపి, పగిలినవి తీసేసి, మళ్లీ నేయాలి. ఆ పని వచ్చినవాళ్లు తగ్గిపోయారు, కోతులు మాత్రం పెరిగాయి. అన్నయ్య శ్లాబు వేసేద్దామంటాడు. అతన్ని తప్పు పట్టలేను, వానలో గిన్నెలు పెట్టుకుంటూ తిరిగేది అతనే. పెద్దమ్మ ఒప్పుకోదు. గట్టిగానే వాదించుకున్నారు. చివరికి బాత్రూము, పెరటి వైపు గది వరకు శ్లాబు, వీధరుగు నుంచి వంటింటి దాకా పెంకు అలాగే అని తేలింది. కానీ కనీసం రెండు వేల పెంకులు కావాలి. కొత్తవి చేసే కుమ్మరి దగ్గర్లో లేడు.

“మీ వైపు ఎవులైనా పెంకుటిల్లు పడగొడతంటే పెంకులు అడుగు. పగలకుండా దింపమని చెప్పు, గడ్డి ఏసి లారీలో పంపమను” అని బయల్దేరేటప్పుడు పెద్దమ్మ రెండోసారి చెప్పింది. చీపురుపల్లి పక్క ఊళ్లో ఒక ఇల్లు దింపుతున్నారని రైల్లో ఒకాయన మాటల్లో తెలిసింది. నంబరు తీసుకున్నాను. వానలు పడకముందే ఆ పెంకు కవిటి చేరాలి.