ఏసీ కొనేముందు డాబా సంగతి చూడాలి

హైదరాబాదులో పై అంతస్తులో ఉండేవారికి మే నెలలో పగటికన్నా రాత్రే కష్టం. పగలంతా ఎండను పీల్చుకున్న కాంక్రీటు శ్లాబు ఆ వేడిని కొన్ని గంటలు ఆలస్యంగా గదిలోకి వదులుతుంది కాబట్టి, బయట గాలి చల్లబడ్డాక రాత్రి పదింటికి మంచమెక్కి సీలింగును తాకినా చేతికి వెచ్చగానే తగులుతుంది. ఏసీ కరెంటు ఖర్చుచేస్తూ ఆ వేడిని రాత్రంతా తోడిపోస్తూ ఉంటుంది. మన దేశపు గ్రిడ్డులో యూనిట్ కరెంటుకు సగటున 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతోంది.

తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ (ఎండను తిప్పికొట్టే పైకప్పు) విధానాన్ని ప్రకటించి, 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల పైకప్పులను చల్లబరచాలని లక్ష్యం పెట్టుకుంది. 600 చదరపు గజాలు, ఆపైన స్థలంలో కట్టే కొత్త ఇళ్లకు దీన్ని తప్పనిసరి చేశారు. మంచి నిర్ణయమే, కానీ ఉక్కకు ఎక్కువగా అల్లాడేది వంద, రెండు వందల గజాల్లో ఇప్పటికే కట్టేసిన ఇళ్లు; వాటిని యజమానుల ఇష్టానికే వదిలేశారు.

అలాంటి డాబాకు తెల్లని కూల్ పెయింట్ గానీ, అంత ఖర్చు వద్దనుకుంటే సున్నం గానీ వేస్తే గది సాధారణంగా 2 నుంచి 5 డిగ్రీలు చల్లబడుతుంది. అయితే పెయింటు కన్నా ముందు చేయాల్సిన పని ఎక్కువ. నాచు గీకి, పిట్టగోడ మొదట్లోని పగుళ్లు పూడ్చి, వాన నీరు నిలిచే మూలల్లో వాలు సరిచేయకపోతే రెండో వర్షాకాలానికే పూత పెచ్చులుగా లేచిపోతుంది. దుమ్ము పట్టిన తెలుపు ఎండను సరిగా తిప్పికొట్టదు కాబట్టి ఏటా వేసవికి ముందు డాబా కడగడం కూడా ఈ పనిలో భాగమే. (మిరపకాయలు ఎండబెట్టుకునేవారికి ఇది ఎలాగూ అలవాటే.)

తర్వాతది పడమటి కిటికీ. లోపలి కర్టెన్ దాకా వచ్చిన ఎండ అద్దం దాటి గదిలోకి చేరినట్టే. అదే ఖర్చుతో వెదురు తడికను బయట, సజ్జకు వేలాడదీస్తే వేడి అక్కడే ఆగిపోతుంది. పాత 75 వాట్ల ఫ్యాన్ల స్థానంలో తక్కువ కరెంటుతో తిరిగే మోటారున్న 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెట్టడం గురించి వేరే చెప్పనక్కర్లేదు.

సోలార్ పలకలు డాబాకు నీడ కూడా ఇస్తాయి, కానీ వాటి వంతు ఇంటి వాడకం తగ్గించాకే. ఏసీ సైజును కూడా అప్పుడే లెక్కవేయాలి. ఒకటిన్నర టన్ను కావాలనుకున్న గదికి ఒక టన్నే సరిపోవచ్చు.