దాని అంచు ఎక్కడమ్మా?

"ఆ ఊరు నేను గీయను" అంది మా అమ్మాయి. దానికి తొమ్మిదేళ్లు. స్కూల్లో 'మీ ఊరి మ్యాప్ గీసుకురండి' అని హోంవర్క్ ఇచ్చారు. నేను ఎప్పటిలాగే తాతయ్య ఊరు గీయమన్నాను. రామాలయం, చెరువు, కాలవ వంతెన ఎక్కడుంటాయో పెన్సిల్‌తో గుర్తులు కూడా పెట్టిచ్చాను. అది ఆ కాగితాన్ని పక్కకు నెట్టేసి, "లాక్స్‌టన్ గీస్తాను" అంది.

"లాక్స్‌టన్ మన ఊరెలా అవుతుంది?" గొంతు పెంచాను.

"తాతయ్య ఊరు ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ అయిపోతుందో నాకు తెలీదమ్మా. దాని అంచు ఎక్కడ? లాక్స్‌టన్ అంచు నాకు తెలుసు. నడిచాను కదా."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కొత్తగా ఇక్కడికి, ఇంగ్లండుకు, వచ్చిన స్నేహితులకు నేనే చెబుతుంటాను, పిల్లలకు మన ఊరి పేరు నేర్పండి, మీదేవూరు అంటే టక్కున చెప్పాలి అని. మా అమ్మాయి టక్కునే చెబుతుంది. ఆ పేరు వెనక దానికి ఏం కనిపిస్తోందో నేనెప్పుడూ అడగలేదు.

లాక్స్‌టన్ నాటింగ్‌హామ్‌షైర్‌లో చిన్న పల్లె. స్కూలువాళ్లు మా అమ్మాయిని ఒకసారి తీసుకెళ్లారు. ఆ తర్వాత అది పట్టుబట్టి మమ్మల్నీ తీసుకెళ్లింది. ఇంగ్లండులో ఒకప్పుడు చాలా ఊళ్లలో పొలాలకు కంచెలు ఉండేవి కావు. ఊరి చుట్టూ పెద్ద పెద్ద బయళ్లు, వాటిలో పొడుగాటి నేల చెక్కలు. ఒక్కో రైతుకు ఇక్కడో చెక్క, అక్కడో చెక్క. 18, 19 శతాబ్దాల్లో పార్లమెంటు చట్టాలు చేసి ఎన్నో ఊళ్లలో ఆ చెక్కలన్నీ కలిపేసి కంచెలు వేశారు. ఆవును మేపుకునే చోటు కూడా లేకుండా పోయిన పేదలు ఎందరో. లాక్స్‌టన్‌లో మాత్రం ఆ పాత పద్ధతి పూర్తిగా పోలేదు. వెస్ట్ ఫీల్డ్, సౌత్ ఫీల్డ్, మిల్ ఫీల్డ్ అని మూడు బయళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఒకదాంట్లో చలికాలానికి ముందు చల్లే గోధుమ, ఇంకోదాంట్లో వసంతకాలపు పంట, మూడోదానికి విశ్రాంతి. మరుసటి ఏడు వంతు మారుతుంది. అందరి చెక్కలూ పొలంలో కలగలిసి ఉంటాయి కాబట్టి రైతుల ఇళ్లు మాత్రం ఊరి వీధిలోనే పక్కపక్కన ఉంటాయి, మన పల్లెల్లోలాగా. వీధిలో నడుస్తుంటే నాకు ముందు తట్టింది అదే.

నన్ను పట్టి ఆపేసింది మాత్రం వాళ్ల జ్యూరీ. ఏటా నవంబరు చివర్లో ఊరి రైతుల్లోంచి ఎంచిన జ్యూరీ, ఆ ఏడు గోధుమ చల్లిన బయలు మొత్తం బురదలో నడుస్తుంది. హద్దుల్లో కొయ్య మేకులు దిగ్గొడుతుంది. ఎవరైనా దారిలోకో, గడ్డి వదలాల్సిన చోటికో నాగలి జరిపారా అని చూస్తుంది. ఆ తర్వాత కోర్ట్ లీట్ అని వాళ్ల ఊరి కోర్టు కూర్చుని తప్పు చేసినవాళ్లకు జరిమానా వేస్తుంది. అంతటితో ఆ తగవు తీరిపోతుంది.

అది విని నేను కాసేపు మాట్లాడలేకపోయాను. మా నాన్నకూ మా పెదనాన్నకూ గట్టు దగ్గరే చెడింది. మూరెడు గట్టు. ఒకే వీధిలో ఉంటూ ఇరవై ఏళ్లు మాటల్లేవు. పెదనాన్న పోయినరోజు నాన్న అరుగు మీద కూర్చుని ఏడ్చాడు కానీ ఆ ఇంటి గడప తొక్కలేదు. ఇద్దరినీ పొలంలో నడిపించి, మధ్యలో ఒక మేకు కొట్టేవాళ్లు మా ఊళ్లో ఎవరూ లేకపోయారు. ఈ కథ మా అమ్మాయికి నేనెప్పుడూ చెప్పలేదు. చెరువులో తామరపూలు, సంక్రాంతి ముగ్గులు, అవే చెప్పాను.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. పోయినసారి ఇండియా వెళ్లినప్పుడు నాలుగు వారాల్లో ఊళ్లో ఉన్నది ఒకటిన్నర రోజు. దోమలు, పిల్లకు విరేచనాలని టెన్షన్ పడి హైదరాబాద్ తిరిగొచ్చేశాను. అసలు నా సంగతే చూస్తే, పెళ్లయిన కొత్తలో మీదేవూరంటే మా వారి ఊరి పేరు చెప్పమన్నారు, చెప్పాను. అప్పటికి ఆ ఊళ్లో నేను పట్టుమని పది రోజులు లేను. నోరు ఆ పేరు పలికేది, కళ్ల ముందు మా చెరువు కనిపించేది. అంత తెలిసినదాన్ని, కూతురి దగ్గర అదే పని చేశాను.

మర్నాడు హోంవర్క్‌కి లాక్స్‌టన్నే గీసింది. 1635లో మార్క్ పియర్స్ అనే ఆయన కొలిచి గీసిన లాక్స్‌టన్ మ్యాప్ ఒకటి ఉంది. చెక్క చెక్కా కనిపిస్తుంది, దున్నేవాళ్లు, కోతకోసేవాళ్లు చిన్న చిన్న బొమ్మలుగా ఉంటారు. మా అమ్మాయి కూడా బొమ్మలు వేసింది. ఆ తర్వాత ఊరి భూముల యజమానులు చాలాసార్లు మారారు. 1952లో ఈ పద్ధతి పోకూడదని ప్రభుత్వ వ్యవసాయ శాఖే కొన్నది, 1981లో రాచరికం పేరున ఉన్న ఆస్తులు చూసే క్రౌన్ ఎస్టేట్‌కు వెళ్లింది, 2020లో థోర్స్‌బీ అనే ప్రైవేటు ఎస్టేట్ తీసుకుంది. బురదలో నడిచే జ్యూరీ మాత్రం ఆగలేదు.

ఆదివారం అదే మా నాన్నకు ఫోన్ చేసింది. "తాతయ్యా, మన పొలం ఎక్కడ అయిపోతుంది?"

నాన్న కాసేపు పలకలేదు. "కాలవ గట్టున చింతచెట్టుంది కదా తల్లీ, దాని నీడ పొద్దున పూట ఎక్కడిదాకా పడితే అక్కడిదాకా మనది. ఆపైన మీ పెద్దతాతది" అన్నాడు. పెదనాన్న ప్రస్తావన ఆయన నోట విని ఎన్నేళ్లయిందో.

మా అమ్మాయి చింతచెట్టు గీసింది. నీడ గీసింది. పొలంలో ఒక మనిషిని గీసి, "ఇప్పుడు ఎవరు దున్నుతున్నారు?" అని అడిగింది. పదకొండేళ్లుగా కౌలుకు చేస్తున్నాయన పేరు చెప్పాడు నాన్న. ఆ చెక్క మీద ఆ పేరే రాసింది. అక్కడ తాతయ్య పేరు రాయమందామని నోటిదాకా వచ్చింది నాకు.

"పెద్దతాత పొలంలో ఎవరున్నారు తాతయ్యా?" అంది, పెన్సిల్ పట్టుకుని.

"కనుక్కుని చెప్తానమ్మా" అన్నాడు నాన్న.