రీసెర్చ్ ఎనలిస్ట్ ఎగ్జామ్ పాసయ్యాను: టర్మినాలజీ చాప్టర్ దగ్గర ఆగిపోయినవాళ్ల కోసం

ఫ్రెండ్స్, ఎన్‌ఐఎస్‌ఎం (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సెక్యూరిటీస్ మార్కెట్స్) పెట్టే సిరీస్ 15, అదే రీసెర్చ్ ఎనలిస్ట్ ఎగ్జామ్, నిన్న పూర్తయింది. ఈ ఎగ్జామ్‌లో రిజల్ట్ కోసం నెలల తరబడి ఎదురుచూడటం లేదు కదా, సబ్మిట్ నొక్కగానే మార్కులు స్క్రీన్ మీదే వస్తాయి. పాసవడానికి 60 కావాలి, నాకు 70 దాటాయి. బయటికొచ్చి అమ్మకి ఫోన్ చేస్తే మాట రాలేదు, ఏడుస్తున్నానని ఆవిడ కంగారు పడింది. ఇంత సంతోషం ఉన్నప్పుడే రాసేయాలి, తర్వాత అయితే వాయిదా వేస్తూ పోతాను, అందుకే ఇప్పుడే కూర్చున్నా.

ప్యాటర్న్ మీకందరికీ తెలుసు, రెండు గంటలు, 100 మార్కులు, తప్పుకి ఆ ప్రశ్న మార్కుల్లో 25 శాతం కోత, కేస్ ప్రశ్నలు (ఒక ఉదాహరణ ఇచ్చి దాని మీద అడిగేవి) వేరే. వాటి గురించి మళ్లీ చెప్పను. నేను చెప్పాలనుకున్నది టర్మినాలజీ గురించి. ఫేస్ వాల్యూ (కాగితం మీద రాసి ఉండే విలువ), బుక్ వాల్యూ (కంపెనీ పద్దుల ప్రకారం షేర్ విలువ), ఈపీఎస్ (ఒక్కో షేర్‌కి వచ్చే లాభం), పీఈ (షేర్ ధర ఆ లాభానికి ఎన్ని రెట్లో), కూపన్ (బాండ్ ఫేస్ వాల్యూ మీద ఇచ్చే వడ్డీ), వైటీఎం (బాండ్‌ని చివరిదాకా ఉంచుకుంటే ఏటా పడే రాబడి), ఇవన్నీ తేలికైనవి అనుకుని మనం రెండు రోజుల్లో తిప్పేసి వాల్యుయేషన్ (కంపెనీ విలువ కట్టడం) మీద పడతాం. కానీ తర్వాత వచ్చే ప్రతి లెక్కా ఈ మాటల మీదే నిలబడి ఉంటుంది.

నేను ఇంతకుముందు రాసినప్పుడు 60 అందలేదు. చదవక కాదు. బీకాం చేశాను, ఇప్పుడు చేసే ఉద్యోగం కూడా షేర్ల రికార్డుల పనే, వర్క్‌బుక్ మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివే వెళ్లాను. నిర్వచనం అడిగితే నిద్రలో కూడా చెప్పేదాన్ని. కానీ ఎగ్జామ్‌లో నిర్వచనం అడగరు. "వడ్డీ రేట్లు పెరిగితే ఈ రెండు బాండ్లలో ఏది ఎక్కువ పడుతుంది" అని అడుగుతారు. "కూపన్, కరెంట్ యీల్డ్, వైటీఎం మూడింటిలో ఏది పెద్దది" అంటారు. అక్కడ బట్టీ పట్టింది ఒక్క ముక్క పనికిరాదు. ఈ సంగతి చెప్పేవాళ్లు అప్పుడు నాకెవరూ లేరు, అందుకే మీకు ఇంత వివరంగా చెప్తున్నా.

నాకు దారి దొరికింది బాండ్ల దగ్గర. యీల్డ్ (బాండ్ మీద మార్కెట్ అడిగే రాబడి) పెరిగితే ధర తగ్గుతుంది, ఇది ఎవరైనా చెప్తారు. ఎందుకు తగ్గుతుంది, ఎంత తగ్గుతుంది అంటే నాకు ఫార్ములా తప్ప ఇంకేం తోచేది కాదు. పండక్కి ఊరెళ్లినప్పుడు మా పిన్ని పక్కన కూర్చుని చదువుతున్నా. ఆవిడ చదివింది ఏడో తరగతి, కానీ పెళ్లైనప్పటి నుంచీ చీటీలు కడుతూనే ఉంది. నేను పైకి చదువుతుంటే విని, "ఏంటమ్మా అది, అన్నిసార్లు ఒకటే చదువుతున్నావు" అంది. చెప్పాను. "వెయ్యి రూపాయల కాగితం, పదేళ్ల తర్వాత వెయ్యి ఇస్తారు, ఈలోపు ఏడాదికి 80 ఇస్తారు పిన్నీ. బయట వడ్డీ 8 నుంచి 10 అయితే ఈ కాగితం రేటు పడిపోతుందట." ఆవిడ కాసేపు ఆలోచించి, "మరి పడదా? చీటీలో రెండో నెల పాట ఎంత పోతుంది, చివరి నెలల్లో ఎంత పోతుంది? ముందే డబ్బు కావాలన్నవాడు ఎక్కువ వదులుకుంటాడు, చివర్లో ఇంకెన్ని నెలలుందని వదులుకుంటారు? అందులోనూ బయట వడ్డీ ఎక్కువగా ఉన్నప్పుడు పాటలో ఇంకా ఎక్కువ వదులుకుంటారు" అంది. అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

నేను వెంటనే పుస్తకం తీసి లెక్క వేశాను. మీరు కూడా ఇది చదివి వదిలేయకుండా ఒకసారి చేతితో వేయండి. ఫేస్ వాల్యూ 1000, కూపన్ 8 శాతం. బయట యీల్డ్ 10 శాతం అయింది. బాండ్‌కి ఇంకా ఏడాదే మిగిలి ఉంటే, ఏడాది తర్వాత వచ్చేది 1080, దాన్ని 1.10తో భాగిస్తే దాదాపు 982. అంటే 18 రూపాయలే పడింది. అదే పదేళ్లు మిగిలి ఉంటే, ఏటా 80 చొప్పున పది సార్లు, చివర్లో 1000, అన్నిటినీ 10 శాతంతో వెనక్కి తెస్తే, అంటే ఈ రోజు విలువకి మారిస్తే, 877. అంటే 123 పడింది. వడ్డీ పెరిగింది ఒకేలాగ, కానీ ఎక్కువ కాలం ఆగాల్సినవాడు ఎక్కువ వదులుకున్నాడు. డ్యూరేషన్ (బాండ్ డబ్బు చేతికి రావడానికి సగటున పట్టే కాలం) గురించి చెప్పేది ఇదే. జీరో కూపన్ బాండ్ డ్యూరేషన్ దాని మెచ్యూరిటీకి (డబ్బు తిరిగొచ్చే గడువుకి) సమానం ఎందుకు అన్నది కూడా ఇక్కడే తేలిపోతుంది, మధ్యలో ఏమీ రాదు, వచ్చేదంతా చివర్లోనే కాబట్టి.

ఆ 877 దగ్గరే ఇంకొక్క నిమిషం ఉండండి. కూపన్ 8. కరెంట్ యీల్డ్ అంటే 80ని 877తో భాగించడం, 9.12 శాతం. వైటీఎం 10. డిస్కౌంట్‌లో, అంటే ఫేస్ వాల్యూ కన్నా తక్కువకి, దొరికిన బాండ్‌కి ఎప్పుడూ వరుస ఇదే, కూపన్ చిన్నది, వైటీఎం పెద్దది, కరెంట్ యీల్డ్ మధ్యలో. ఎందుకంటే కరెంట్ యీల్డ్ ఈ ఏడాది చేతికొచ్చే 80నే చూస్తుంది, 877 పెట్టి చివర్లో 1000 తీసుకునే లాభం దానికి కనిపించదు, వైటీఎం రెండూ చూస్తుంది. ఇప్పుడు యీల్డ్ 6 శాతం అనుకుని వేయండి, ధర 1147 వస్తుంది, కరెంట్ యీల్డ్ 6.97, వరుస మొత్తం తిరగబడుతుంది. ఈ ఒక్క లెక్క అర్థమయ్యాక డెట్ (బాండ్ల) ప్రశ్నల్లో సగం నాకు ప్రశ్నల్లా అనిపించలేదు.

ఆ రాత్రి నుంచి నా నోట్సు మార్చేశాను. నిర్వచనాలు రాయడం మానేసి, ప్రతి పదం పక్కన మూడు గళ్లు గీశాను: డబ్బు ఎవరిస్తారు, ఎవరికి అందుతుంది, ఎప్పుడు. ఏ పదమైనా సరే ఆ మూడు గళ్లు నింపలేకపోతే అది నాకు రానట్టే లెక్క.

ఉదాహరణకి ఐపీఓ, అంటే కంపెనీ షేర్లు మొదటిసారి జనానికి అమ్మడం. ప్రైమరీ మార్కెట్‌లో డబ్బు కంపెనీకి వెళ్తుంది అని రాసుకుంటాం. ఫ్రెష్ ఇష్యూ (కొత్త షేర్లు) అయితే అవును. ఆఫర్ ఫర్ సేల్ (ఉన్న షేర్లనే పాతవాళ్లు అమ్మడం) అయితే అమ్మేవాళ్లకి వెళ్తుంది, కంపెనీ ఖాతాలో రూపాయి పడదు. 2022 మేలో వచ్చిన ఎల్‌ఐసీ ఐపీఓ మొత్తం ఆఫర్ ఫర్ సేలే, దాదాపు 21 వేల కోట్లు కేంద్ర ప్రభుత్వానికి చేరాయి తప్ప ఎల్‌ఐసీకి కాదు. మన చుట్టుపక్కల ఎంతమంది పాలసీదారులు అప్లై చేశారో, వాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో ఆలోచించండి.

బోనస్ (ఉన్న షేర్లకి ఉచితంగా ఇచ్చే షేర్లు), స్ప్లిట్ (ఒక షేర్‌ని ముక్కలు చేయడం) కూడా అంతే. మా బాబాయి ఒకసారి బోనస్ వస్తోందని విని, 1:1 (ఒకటికి ఒకటి) అంటే డబ్బు రెట్టింపు అవుతుందని నమ్మి షేర్లు కొన్నాడు, ఎక్స్-డేట్ (ఆ రోజు నుంచి కొన్నవాళ్లకి బోనస్ రాదు) రోజు ధర సగమయ్యేసరికి మోసం జరిగిందని గొడవ చేశాడు. ఎవరూ మోసం చేయలేదు. బోనస్‌లో బయటి నుంచి రూపాయి రాలేదు, రూపాయి పోలేదు, కంపెనీ దాచుకున్న రిజర్వుల్లోంచి షేర్ క్యాపిటల్‌లోకి పద్దు మారింది, అంతే. 1200 షేర్ 600 దగ్గరికి వస్తుంది, చేతిలో రెండు ఉంటాయి. ఫేస్ వాల్యూ 10 ఉంటే 10గానే ఉంటుంది. స్ప్లిట్‌లో ఫేస్ వాల్యూ 10 నుంచి 5 అవుతుంది, రిజర్వులు కదలవు, షేర్ క్యాపిటల్ మొత్తం మారదు. రెండింటిలోనూ ఈపీఎస్ సగమవుతుంది, ధరా సగమవుతుంది కాబట్టి పీఈ అలాగే ఉంటుంది. ఎగ్జామ్‌లో తికమక పెట్టేది సరిగ్గా ఈ తేడాల దగ్గరే.

డివిడెండ్ శాతం చూసి కూడా మోసపోవద్దు. 500 శాతం అంటే ఫేస్ వాల్యూ మీద. ఫేస్ వాల్యూ 2 అయితే వచ్చేది 10 రూపాయలు, షేర్ మార్కెట్‌లో 1000 ఉంటే డివిడెండ్ యీల్డ్ 1 శాతమే. ఇక "ఎప్పుడు" అన్న గడి ఇక్కడే అక్కరకొస్తుంది. 2023 జనవరి 27 నుంచి షేర్లన్నీ టీ ప్లస్ వన్ సెటిల్‌మెంట్‌లోకి (కొన్న మర్నాటి ట్రేడింగ్ రోజుకే షేర్లు చేతికి రావడం) వచ్చాయి, అప్పటి నుంచి ఎక్స్-డేట్, రికార్డ్ డేట్ (షేర్లు ఎవరి పేరున ఉన్నాయో కంపెనీ చూసే రోజు) మామూలుగా ఒకే రోజు ఉంటున్నాయి. ఆ రోజు కొంటే డివిడెండ్ రాదు, ముందటి ట్రేడింగ్ రోజే కొని ఉండాలి. పాత మెటీరియల్‌లో టీ ప్లస్ టూ లెక్కలు ఇంకా కనిపిస్తాయి, పీడీఎఫ్ ఎప్పటిదో చూసుకుని చదవండి.

ఎంటర్‌ప్రైజ్ వాల్యూ (ఈవీ, అప్పు కలిపి క్యాష్ తీసేసిన కంపెనీ విలువ) చాలామందికి గుండె దడ. మార్కెట్ క్యాప్ (షేర్లన్నిటి మార్కెట్ విలువ) 1000 కోట్లు, అప్పు 300, క్యాష్ 100 అయితే ఈవీ 1200. ఫార్ములా అందరికీ వచ్చు. మరి ఈవీని ఈబీఐటీడీఏతోనే (వడ్డీ, పన్ను, తరుగుదల తీయకముందు లాభం) ఎందుకు పోల్చాలి, నికర లాభంతో ఎందుకు పోల్చకూడదు? మళ్లీ అవే గళ్లు నింపండి, ఆ డబ్బు ఎవరిది అని అడగండి. ఈబీఐటీడీఏ వడ్డీ కట్టకముందు ఉన్న సొమ్ము, అందులో అప్పిచ్చినవాళ్ల వాటా, షేర్‌హోల్డర్ల వాటా రెండూ ఉన్నాయి, అందుకే భాగహారంలో పైన కూడా ఇద్దరి విలువా ఉండాలి. నికర లాభం వడ్డీ కట్టేశాక మిగిలింది, అది షేర్‌హోల్డర్లది మాత్రమే, అందుకే దాని పైన షేర్ ధర ఉంటుంది. ఇది తెలిస్తే కేస్ ప్రశ్నలో ఏ నంబర్ దేనితో భాగించాలో తడుముకోరు.

మిగతా చాప్టర్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఎకానమీ, ఇండస్ట్రీ చాప్టర్లు ఒకసారి శ్రద్ధగా చదివితే చాలు. లీగల్ చాప్టర్‌లో 2014 రీసెర్చ్ ఎనలిస్ట్ రెగ్యులేషన్స్ మాత్రం వదలొద్దు. బీటా (మార్కెట్ కదిలితే షేర్ ఎంత కదులుతుందో), షార్ప్ రేషియో (తీసుకున్న రిస్క్‌కి ఎంత రాబడో) లెక్కలు పది వేస్తే వచ్చేస్తాయి.

నెగటివ్ మార్కింగ్ అంటే భయపడి ఊరికే వదిలేసేవాళ్లు ఎక్కువ, దీనికీ లెక్క ఉంది. 80 మార్కులకి సమాధానాలు పెట్టి అందులో 64 సరైతే, 16 తప్పులకి 4 పోయి సరిగ్గా 60. నాలుగు ఆప్షన్లలో రెండు కొట్టేయగలిగితే మిగతా రెండింటిలో ఒకటి పెట్టడం వల్ల సగటున లాభమే, ఒక మార్కు ప్రశ్నకి 0.375 వస్తుంది. టెన్షన్ పడి అలాంటివి వదిలేయకండి.

ఇంకో మాట చెప్పాలి, కొంతమందికి నచ్చకపోవచ్చు. ఉద్యోగం చేస్తూ చదవడం కుదరదు అనేవాళ్లకి నా సమాధానం, కుదురుతుంది. నేను పొద్దున ఆఫీస్ బస్ ఎక్కకముందు చదివాను, రాత్రి హాస్టల్‌లో అందరూ సినిమా పెట్టుకుంటే మెట్ల మీద కూర్చుని లెక్కలు వేశాను. మా మేనమామ కూతురి పెళ్లికి ముహూర్తం టైమ్‌కి వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేశాను, దానికి ఇప్పటికీ మాటలు పడుతున్నా, కానీ ఆ పని తప్పని నేను అనుకోను. రోజూ కూర్చోవాలి. మూడ్ ఉన్నా లేకపోయినా కూర్చోవాలి. ఎందుకంటే ఈ సర్టిఫికెట్ మన రెజ్యూమె కోసం మాత్రమే కాదు. 2024 సెప్టెంబర్‌లో సెబీ (షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ) ఇచ్చిన స్టడీ చూడండి, మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఎఫ్ అండ్ ఓలో (ఫ్యూచర్స్, ఆప్షన్స్) ట్రేడ్ చేసిన మామూలు జనంలో 93 శాతం మంది నష్టపోయారు, మొత్తం 1.8 లక్షల కోట్ల పైనే. మన ఊళ్లలో, మన ఇళ్లలో ఆ 93 శాతం ఉన్నారు. టెలిగ్రామ్‌లో ఎవడో పేరు కూడా చెప్పనివాడు "రేపు ఇది కొనండి" అంటే పంట డబ్బు, చీటీ డబ్బు తీసుకెళ్లి పెడుతున్నారు. వాళ్ల పక్కన కూర్చుని "బాబాయ్, ఈ డబ్బు ఎవరికి పోతుందో చూడు" అని తెలుగులో చెప్పేవాళ్లు కావాలి. ఆ చెప్పేది మనమే కావాలని నాకు గట్టిగా ఉంది.

గ్రూప్‌లో రైట్స్ ఇష్యూ (ఉన్న షేర్‌హోల్డర్లకే కొత్త షేర్లు కొనే హక్కు ఇవ్వడం) లెక్క అడిగిన అక్కకి జవాబు ఇక్కడే ఇచ్చేస్తున్నా. ప్రతి నాలుగు షేర్లకి ఒక రైట్, మార్కెట్ ధర 200, రైట్స్ ధర 150. ఉన్న నాలుగింటి విలువ 800, కొత్తదానికి మనం కంపెనీకి ఇచ్చేది 150, మొత్తం 950, ఐదుతో భాగిస్తే 190. అదే ఎక్స్-రైట్స్ ధర, అంటే రైట్స్ తర్వాత ఉండాల్సిన ధర. పాత షేర్ ఒక్కోదాని మీద 10 తగ్గింది, కాబట్టి షేర్ ఒక్కింటికి రైట్ విలువ 10, రైట్ వాడుకోకుండా వేరేవాళ్లకి అమ్ముకుంటే నాలుగు షేర్లకి రావాల్సింది 40. బోనస్‌కీ దీనికీ తేడా ఆ 150, అది నిజంగా మన జేబులోంచి కంపెనీకి వెళ్లింది. డౌట్ ఉంటే కింద అడగండి, ఈ ఆదివారం మొత్తం ఖాళీగానే ఉంటాను.