ఏలీ అడగని సంగతి

మన గోదావరి డెల్టా క్రైస్తవ సంఘాల్లో ప్రార్థనకి గొంతు ఎక్కువ. ఉపవాస కూటం జరిగే రోజున మైకు వీధి చివరిదాకా వినిపిస్తుంది. వాక్యాలు ఎత్తి చూపుతూ ధారాళంగా ప్రార్థించేవాళ్లని మంచి ప్రార్థనాపరులంటాం. తప్పేం లేదు. కానీ వెనక వరసలో చాపమీద కొంగు కప్పుకుని కూర్చుని, ‘ఆమెన్’ తప్ప పెదవి విప్పని ఆవిడని చూసి, పాపం ప్రార్థన రాదనుకుంటాం.

బైబిల్లో, షిలోహు మందిరంలో యాజకుడైన ఏలీ ఇంకో అడుగు ముందుకేశాడు. అక్కడ ప్రార్థిస్తున్న హన్నా అనే ఆవిడ పెదవులు కదులుతున్నాయి, స్వరం వినబడటం లేదు. తాగి వచ్చిందనుకున్నాడు. పిల్లల్లేని దిగులు, పైగా ఏటేటా సవతి పెనిన్నా దెప్పులు. పదిమంది కొడుకుల కంటే నేను నీకు ఎక్కువ కాదా అని అడిగాడు భర్త ఎల్కానా. ప్రేమగానే అడిగాడు, కానీ ఆ మాటకి ఏ ఆడది ఏం జవాబు చెబుతుంది? చెప్పుకోడానికి మనిషి లేకే ఆవిడ మందిరానికి లేచి వెళ్లింది.

గాలందక రొయ్య పైకి తేలిన తెల్లవారుజామున భీమవరం వైపు ఏదో ఒక చెరువు గట్టుమీద నిలబడి చూడండి. నీళ్లకి గాలి అందించే ఏరేటర్లు ఇంకా తిరుగుతూనే ఉంటాయి. లీజు కట్టాలి, మేత కొట్టులో బాకీ ఉంది, కూతురి కాలేజీ ఫీజు గడువు దగ్గరపడింది. ఆ రైతు నోట ‘అయ్యా దేవా’ అన్న మాటే వస్తుంది. ఒక్కోసారి అదీ రాదు. రోమా పత్రిక 8వ అధ్యాయం ఇలాంటివాళ్ల కోసమే అనిపిస్తుంది నాకు. సృష్టి మూలుగుతోంది, మనమూ మూలుగుతున్నాం అని చెప్పి, 26వ వచనంలో ఆత్మ కూడా ‘ఉచ్చరింప శక్యముకాని మూలుగులతో’ మన పక్షంగా విజ్ఞాపన చేస్తున్నాడంటాడు పౌలు. ఎలా ప్రార్థించాలో ‘మనకు’ తెలియదన్నాడు, ‘మీకు’ అనలేదు. అంత పెద్ద అపొస్తలుడు తననీ కలుపుకున్నాడు!

అష్షూరు రాజు బెదిరింపు ఉత్తరం వచ్చినప్పుడు యూదా రాజు హిజ్కియా దాన్ని మందిరానికి తీసుకెళ్లి దేవుని ముందు పరిచాడు. ఆ తర్వాత మాటలతోనూ ప్రార్థించాడనుకోండి, ముందు మాత్రం కాగితం పరిచాడు. బ్యాంకు నోటీసు నాలుగు మడతలు పెట్టి బైబిల్లో దాచుకుని మోకరించేవాళ్లు మన ఇళ్లల్లోనూ ఉన్నారు. నోటీసులో ఉన్న అంకె దేవుడికి చదివి వినిపించక్కర్లేదు.

మౌనం మనకు కొత్తా? 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన మిషనరీలు విలియం బౌడెన్, జార్జ్ బీర్ల సేవతో నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో బ్రదరెన్ సంఘాలు మొదలయ్యాయి. వాళ్ల రొట్టె విరిచే ఆరాధనలో ఒకరి ప్రార్థనకీ మరొకరి పాటకీ మధ్య నిశ్శబ్దం ఉంటుంది. దాన్ని నింపెయ్యాలని ఎవరూ తొందరపడరు.

మళ్లీ ఏలీ దగ్గరికొస్తే, తన పొరపాటు తెలిశాక ఆయన చేసిన పని నాకు భలే నచ్చుతుంది. ఏం అడిగావమ్మా అని ఆరా తీయలేదు. నువ్వు అడిగింది దేవుడు దయచేయు గాక అని పంపేశాడు. హన్నా వెళ్లి భోజనం చేసింది, ముఖంలో దిగులు పోయింది. అప్పటికి ఆవిడ కొడుకు సమూయేలు ఇంకా కడుపున కూడా పడలేదు. మన దగ్గర ప్రార్థన మనవి చెప్పుకోవాలంటేనే టెన్షన్, పొద్దున చెప్పింది సాయంత్రానికి ఊరంతా తిరుగుతుందని. పాస్టర్‌గార్లూ సంఘ పెద్దలూ అప్పుడప్పుడైనా ‘సమస్య ఏంటమ్మా’ అని అడక్కుండా ప్రార్థన చేసి పంపితే, చాలామంది ధైర్యంగా ముందుకొస్తారు.