మంచు కరగకముందే మొదలైన తోట పని: మిన్నెసోటా, మార్చి నుంచి ఏప్రిల్ ఆఖరు దాకా

మార్చి రెండో వారం

బయట ఇంకా మంచు గుట్టలు అలాగే ఉన్నాయి, పని మాత్రం బేస్‌మెంట్‌లో మొదలెట్టేశా. మేముండేది ట్విన్ సిటీస్ (మినియాపొలిస్, సెయింట్ పాల్ జంట నగరాలు) శివార్లలో. 2023లో అమెరికా వ్యవసాయ శాఖ తెచ్చిన కొత్త జోన్ మ్యాప్‌లో (ఏ ప్రాంతం ఎంత చలిదో చూపే మ్యాప్) మా ఏరియా 4బి నుంచి 5ఎ కి మారింది, అది చూసి చాలామంది హమ్మయ్య ఇంక ముందే నాటేయొచ్చు అనుకుంటున్నారు గానీ ఆ మ్యాప్ చెప్పేది చలికాలంలో టెంపరేచర్ ఎంత కిందకి దిగుతుందో అంతే, వసంతంలో ఆఖరి ఫ్రాస్ట్ (మొక్కల్ని మాడ్చే గడ్డకట్టే చలి) ఎప్పుడు పడుతుందో దానికి సంబంధం లేదు. మాకు అది మామూలుగా మే మొదటి సగంలో ఎప్పుడో ఉంటుంది, వంకాయ బెండకాయ లాంటివాటికైతే మే ఆఖర్లో మెమోరియల్ డే దాకా ఆగడమే మంచిది.

అక్కణ్ణుంచి వెనక్కి లెక్కేసుకోవాలి. మిర్చి, వంకాయ నారుకి 8 నుంచి 10 వారాలు కావాలి కాబట్టి ఇప్పుడే పోశాను. టమాటాకి 6 వారాలు చాలు, ఏప్రిల్ మొదట్లో చూద్దాం. గోంగూర ఏప్రిల్ మూడో వారం. సొర, బీర, కాకర అయితే మే వచ్చేదాకా ముట్టుకోను, వాటి వేర్లు కదిలిస్తే అలుగుతాయి, అందుకని మూడు వారాల ముందు పెద్ద కప్పుల్లో ఒక్కో గింజ పెట్టుకుంటే చాలు, ముందే పెడితే ఇంట్లోనే తీగలు సాగి ఒకదానికొకటి చుట్టుకుంటాయి.

మిర్చి, వంకాయ గింజలకి కింద వేడి ఉండాలి, 80 ఫారెన్‌హీట్ దగ్గర. మన బేస్‌మెంట్ 60 ఉంటుంది, అందులో పెట్టి రోజూ మూత తీసి చూస్తే ఏమొస్తుంది, హీట్ మ్యాట్ (ట్రే కింద పరిచే కరెంటు చాప) కొనుక్కోండి, ఏళ్ళ తరబడి పనికొస్తుంది. మొలక కనపడగానే మ్యాట్ మీంచి తీసి లైట్ కిందకి మార్చాలి. లైట్ అంటే వేలకి వేలు పోసి కొనేదేం కాదు, గ్యారేజ్‌లో వేసుకునే మామూలు ఎల్ఈడీ షాప్ లైట్ చాలు, కాకపోతే మొక్క నెత్తి మీద రెండు మూడు అంగుళాల ఎత్తులో ఉండాలి, టైమర్ పెట్టి రోజుకి 16 గంటలు. కిటికీ దగ్గర ఎండ బానే ఉంది కదా అంటారు కొందరు, మార్చిలో ఇక్కడి కిటికీ ఎండకి నారు సన్నగా పొడుగ్గా సాగి పడిపోతుంది.

మార్చి ఆఖరు

నారుకుళ్ళు గురించి ఒక మాట. ఉదయం నిలబడి ఉన్న మొలక సాయంత్రానికి మట్టి దగ్గర నడుం సన్నబడి, అక్కడ గోధుమరంగుకి తిరిగి పక్కకి ఒరిగిపోతుంది, పైన ఆకులు మాత్రం ఇంకా పచ్చగానే ఉంటాయి. అది వచ్చాక చేసేదేం లేదు, ఆ మొలకలు తీసి పారేయడమే. రాకుండా ఉండాలంటే తోటలో మట్టి వాడకుండా సీడ్ స్టార్టింగ్ మిక్స్ (నారు కోసం అమ్మే తేలికపాటి మిశ్రమం) వాడటం, నీళ్ళు పైనుంచి పోయకుండా కింద ట్రేలో పోసి అరగంట తర్వాత మిగిలినవి ఒంపేయడం, చిన్న ఫ్యాన్ ఒకటి నెమ్మదిగా తిరుగుతూ ఉండటం. ఫ్యాన్ గాలికి కాడలు కూడా గట్టిపడతాయి.

కరివేపాకు కుండీ చలికాలమంతా డైనింగ్ రూమ్‌లో ఉంది, ఆకులు చాలావరకు రాలిపోయాయి, చూసిన వాళ్ళంతా పోయింది అనుకుంటారు. గోరుతో కొమ్మ మీద కొంచెం గీరితే లోపల పచ్చగా ఉంటే బతికున్నట్టే. ఇప్పుడు పగలు పెరుగుతోంది కాబట్టి కణుపుల దగ్గర చిగురు మొదలైంది, కొసలు కత్తిరించా. ఆకులకి అడుగున జిగురుగా ఉంటే స్కేల్ పురుగు చూసుకోండి, సబ్బునీళ్ళతో తుడిస్తే పోతుంది. చిగురు సాగేదాకా ఎరువు వేయను, నీళ్ళు కూడా మట్టి ఎండాకే.

అమ్మ ఫోన్‌లో "ఉగాది కూడా అయిపోయింది, ఇంకా మంచేంట్రా" అంటోంది. అక్కడ మామిడి పిందెలు, ఇక్కడ పార పట్టుకుని డ్రైవ్‌వే.

ఏప్రిల్ రెండో వారం

మంచు పోయింది. రెండు రోజులు 65 దాటింది, వీధిలో అందరూ నిక్కర్లేసుకుని బయటికొచ్చేశారు, షాపుల బయట టమాటా మొక్కలు కూడా పెట్టేశారు. కొనకండి. ఇక్కడ 2018లో ఏప్రిల్ మధ్యలో అడుగు పైన మంచు పడింది. గాలి వేడెక్కినంత తొందరగా నేల వేడెక్కదు, అందుకే నేను క్యాలెండర్ కంటే మట్టి థర్మామీటర్‌నే నమ్ముతా, వంటింట్లో మాంసం వేడి చూసే థర్మామీటర్ అయినా సరే, పొద్దున పూట మూడు నాలుగు అంగుళాల లోతుకి దించి చూడాలి, మధ్యాహ్నం చూస్తే పైపై వేడి మోసం చేస్తుంది. నాలుగైదు రోజులు వరసగా అదే నంబర్ వస్తే అప్పుడు లెక్క. ఇవాళ రెయిజ్డ్ బెడ్‌లో (నేలకంటే ఎత్తుగా కట్టిన మడి) 46, పక్కనే నేల మడిలో 41.

నేల మడి ఇంకా పదునుకి రాలేదు. గుప్పెడు మట్టి పిసికి బొటనవేలితో నొక్కితే ముద్ద పొడిగా విడిపోవాలి, మాది మెరుస్తూ అలాగే అంటుకుని ఉంది, బంకమట్టి కదా. ఇలాంటప్పుడు తవ్వినా తొక్కినా తర్వాత పెళ్ళలు కడుతుంది, ఎండాకాలమంతా పలుగు దిగదు. అందుకని దాని జోలికి పోలేదు, పైన పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ షీట్ పరిచి అంచులకి ఇటుకలు పెట్టా, వేడి త్వరగా పట్టడానికి.

రెయిజ్డ్ బెడ్‌లో మాత్రం పాలకూర, మెంతులు, బఠానీ, ముల్లంగి వేశా. మన కూరగాయల్లో ఇలా చలికి ఓర్చేవి ఒక గుంపు ఉంది, చుక్కకూర, కొత్తిమీర కూడా అందులోవే, వీటిని మే దాకా ఆపితే నష్టం మనకే ఎందుకంటే ఎండలు రాగానే కొత్తిమీర పూతకొచ్చేస్తుంది. మెంతులు, ధనియాలు ఇండియన్ స్టోర్‌లో వంటకి అమ్మేవే వేస్తా, బానే మొలుస్తాయి, ధనియాలు మాత్రం అరచేత్తో నలిపి రెండు బద్దలు చేసి వేయాలి. రాత్రి 28 కిందకి దిగుతుందంటే పైన ఫ్రాస్ట్ క్లాత్ కప్పుతున్నా. చుట్టూ కోళ్ళ మెష్ తప్పనిసరి, కుందేళ్ళకి ఈ టైంలో తినడానికి ఇంకేం దొరకదు.

బీర పందిరి గుంజలు రెండు పక్కకి ఒరిగాయి. చలికాలంలో నేల గడ్డకట్టి ఉబ్బినప్పుడు గుంజని పైకి తోసేస్తుంది, అందుకే ఇక్కడ డెక్ స్తంభాలకి బిల్డింగ్ కోడ్ 42 అంగుళాల లోతు అడుగుతుంది. పందిరికి అంత అక్కర్లేదు, ఏటా వసంతంలో మళ్ళీ సుత్తితో దిగ్గొట్టుకోవడమే. కొత్త చోట గుంజ పాతేవాళ్ళు ముందు 811 కి ఫోన్ చేయండి, ఉచితంగా వచ్చి గ్యాస్, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో పెయింట్‌తో గీసి వెళ్తారు.

ఏప్రిల్ ఆఖరు

గోంగూర నారు పోశా. ఇక్కడ దానికి ఒక సౌకర్యం ఉంది, జూన్‌లో మాకు 15 గంటల పైన పగలు, గోంగూర పగలు తగ్గితేనే పూతకి దిగే రకం కాబట్టి ఎండాకాలమంతా ఆకే ఆకు, కోసిన కొద్దీ కొమ్మలేస్తుంది. అదే లెక్క చిక్కుడికి తిరగబడుతుంది. మన ఊరి చిక్కుళ్ళలో చాలా రకాలు పగలు చిన్నదయ్యేదాకా పూయవు, సెప్టెంబర్‌లో గుత్తులు గుత్తులుగా పూత వస్తుంది, కాయ ముదిరేలోపు అక్టోబర్ ఫ్రాస్ట్. పందిరంతా ఆకులు చూసి మురిసిపోవడం తప్ప కూరకి రాదు, కొనేటప్పుడు పగటి పొడుగుతో పని లేకుండా కాసే పొట్టి రకం అడిగి తీసుకోండి. గోంగూర గింజ కూడా ఇక్కడ ముదరదు, ఏటా కొనుక్కోవాల్సిందే. ఇండియా నుంచి సూట్‌కేస్‌లో తెద్దామంటే ఎయిర్‌పోర్ట్‌లో డిక్లేర్ చేయాలి, ఫైటోసానిటరీ సర్టిఫికెట్ (గింజలకి తెగుళ్ళు, పురుగులు లేవని ఇచ్చే పత్రం) అడుగుతారు, నేను ఇక్కడే కొంటున్నా.

మెంతి మొలిచింది, పాలకూర రెండాకుల మీద ఉంది, బఠానీ ఇంకా చూడాలి. ప్లాస్టిక్ కింద మడి 54 కి వచ్చింది, పదును కూడా బాగుంది, ఈ వీకెండ్ కంపోస్ట్ రెండంగుళాలు పరిచి ఫోర్క్‌తో పైపైన కలిపేస్తా. మిర్చి, వంకాయ నారుని మే రెండో వారం నుంచి బయటికి తీయడం మొదలెడతా, మొదటి రోజు నీడలో గంట, రోజూ కొంచెం పెంచుకుంటూ ఒక పది రోజులు, రాత్రి 55 కిందకి దిగుతుంటే మళ్ళీ లోపలికి. వంకాయ నాటిన రోజే పైన సన్న వల కప్పాలి, ఫ్లీ బీటిల్స్ (గెంతే చిన్న పెంకు పురుగులు) ఆకుల్ని జల్లెడ చేసేస్తాయి, పూత మొదలయ్యాక వల తీసేయొచ్చు. బెండ మాత్రం నేరుగా మడిలోనే, నేల 65 దాటాక, రాత్రంతా నానబెట్టిన గింజ.