లక్షా ఎనభై అని చెప్పి ఊరుకోవడం

నిన్న రాత్రి తొమ్మిదిన్నరకి ఫోన్‌పేలో 37,052 రూపాయలు పడ్డాయి. ఒక పెళ్లి ఫొటోల తాలూకు ఆఖరి వాయిదా. ఆల్బమ్ ఇంకా ప్రింటింగ్ ల్యాబుకి వెళ్లనే లేదు, నేను గుర్తుచేసింది కూడా ఒక్కసారే. మాది తణుకు. పద్నాలుగేళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్నాను. బాకీ కోసం గుమ్మాల చుట్టూ తిరగకుండా పెళ్లి ముగియడం నాకు ఈ ఏడాదే అలవాటైంది. ఆ సంతోషం చల్లారకముందే ఇదంతా రాసేద్దామని కూర్చున్నాను.

2024లో ఏప్రిల్ ఆఖర్లో శుక్ర మౌఢ్యం వచ్చింది, జులై దాకా వదల్లేదు. మధ్యలో గురు మౌఢ్యం కూడా కలిసింది. మామూలుగా ఏడాది తిండి సంపాదించుకునే మే, జూన్ నెలల్లో ఒక్క ముహూర్తం లేదు. అది అయ్యీ అవ్వగానే ఆషాఢం. లెన్సులకి బూజు పట్టకుండా సిలికా జెల్ పొట్లాలు మార్చుకుంటూ ఇంట్లో కూర్చున్నాను. అప్పుడు మా ఆవిడ పాల లెక్క పుస్తకం వెనక పేజీలో ఒక లెక్క వేసింది. అంతకుముందు ఏడాది 22 పెళ్లిళ్లు, ఒక్కోటి 65,000. ఖర్చులన్నీ తీసేసి నెలకి భాగిస్తే మా వీధి చివర సెంట్రింగ్ మేస్త్రీ సంపాదన మాకంటే ఎక్కువని తేలింది. ఆయన కెమెరా ఈఎంఐలు కట్టక్కర్లేదు కూడా.

కొత్త రేటు మేం గాల్లోంచి తీయలేదు. పెళ్లికూతుర్ని చెయ్యడం, పెళ్లి, మొత్తం రెండు రోజులు. క్యాండిడ్, అంటే పోజులు పెట్టించకుండా తీసే ఫొటోలు, నేను తీస్తాను. అందర్నీ వరసగా నిలబెట్టి తీసే ట్రెడిషనల్ ఫొటో కుర్రాడికి 10,000, ట్రెడిషనల్ వీడియోకి 12,000, సినిమాటిక్ వీడియో అతనికి 20,000, డ్రోన్ ఒక రోజుకి 6,000, వీడియో ఎడిటింగుకి 15,000, ఫొటోలు షీట్ల మీదే ముద్రించే నలభై షీట్ల కరిజ్మా ఆల్బమ్‌లు రెండింటికి 24,000, హార్డ్ డిస్కులకి 6,000, తిరుగుళ్లకి 5,000. వెరసి 98,000 నా చేతిలోంచి పోతుంది. 1,80,000 తీసుకుంటే 82,000 మిగులుతుంది. నా రెండు రోజుల పనికీ, తర్వాత ఫొటోలు ఏరి రంగులు సరిచేసే పన్నెండు రోజులకీ, కెమెరా అరుగుదలకీ, మూఢంలో బియ్యానికీ అన్నిటికీ అదే.

రేటు కాగితం ప్రింటు తీయించడం, పని నమూనాలు ట్యాబులో పెట్టుకోవడం ఒక పూటలో అయిపోయాయి. అద్దం ముందు నిలబడి “లక్షా ఎనభై అండి” అనడం కూడా వచ్చేసింది. అద్దం బేరమాడదు కదా.

శ్రావణంలో భీమవరం అవతల ఒక ఊరి నుంచి పిలుపొచ్చింది. రొయ్యల చెరువులున్న కుటుంబం. వాకిట్లో రెండు కార్లు, ఇంటి వెనక చెరువు నీళ్లకి గాలి అందించే ఏరేటర్లు. పెళ్లికూతురు, ఆమె తండ్రి ఉంటారనుకుని వెళ్లాను. వరండాలో ప్లాస్టిక్ కుర్చీలు గుండ్రంగా వేసి పదకొండు మంది కూర్చున్నారు. పెళ్లికూతురు హైదరాబాదులో ఉద్యోగంలో ఉంది, అసలు ఆ ఊళ్లోనే లేదు. నా ఆల్బమ్ ఒళ్లోంచి ఒళ్లోకి వెళ్లింది. నాలుగో ఆయన చేతికి జంతికల నూనె ఉంది.

రేటు చెప్పాను. పెళ్లికూతురి తండ్రి ఏమీ అనలేదు, మేనమామ అందుకున్నాడు.

“ఒకటా ఎనభయ్యా? ఏం బాబూ, కెమెరానే కదా తీసేది, నువ్వు నొక్కడమే కదా.”

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మొదటి తప్పు అదే, ఎందుకు నవ్వానో ఇప్పటికీ తెలీదు.

“భోజనం ప్లేటుకి ఐదొందలు పెట్టినా కడుపు నిండుద్ది. మరి ఇదేం నింపుద్ది?” అన్నాడు. అప్పుడే వాళ్లమ్మగారనుకుంటా, లోపల్నుంచి కాఫీ తెచ్చి నా చేతిలో పెట్టి, “తాగు నాయనా, వాడి మాటలకేం గానీ” అంది. ఆ ముక్క వినగానే ఇంకా చిన్నబోయాను.

ఆ తర్వాత మేనమామ ఫోన్ తీసి ఎవరికో కలిపి స్పీకర్ పెట్టాడు. అవతలి గొంతు వినగానే నా చేతిలో గ్లాసు ఆగిపోయింది. మూడేళ్లు నా దగ్గర లైట్లు పట్టుకుని, ఫోకస్ నేర్చుకుని, ఏడాది క్రితం సొంతంగా మొదలెట్టిన కుర్రాడు. “డ్రోనూ, రెండు ఆల్బమ్‌లూ అన్నీ కలిపి ఎనభై ఐదుకి చేసేద్దాం అండి” అన్నాడు. నేనక్కడ ఉన్నట్టు వాడికి తెలీదు. మేనమామ నా పేరు చెప్పి, “ఆయనైతే ఎక్కువ చెబుతున్నాడయ్యా” అన్నాడు. “ఆయ్, ఆయన దగ్గర ఫొటోలన్నీ తీసింది నేనేనండి. ఆయన ముందు నిలబడతారంతే.” వాడన్న మాట అక్షరం పొల్లుపోకుండా ఇదే.

పదకొండు మంది నా మొహం చూస్తున్నారు. లేచి వచ్చెయ్యాల్సింది. పోనీ వాడికి నా గొంతు వినిపించాల్సింది. రెండూ చెయ్యలేదు. “లక్షా ఇరవైకి చేసేద్దాం లెండి” అని నా నోట్లోంచి వచ్చింది. ఎవరూ ఆ అంకె అడగలేదు, నా అంతట నేనే అరవై వేలు దిగాను. పనిలోంచి మాత్రం ఒక్క షీటు కూడా తగ్గించలేదు.

మేనమామ తొడ చరిచి, “చూశారా, అడక్కుండానే అరవై దిగాడు! ఇంకో అరగంట కూర్చోబెడితే ఎంతకి దిగుతాడో” అన్నాడు. మళ్లీ అందరూ నవ్వారు. పెళ్లికూతురి తండ్రి మాత్రం అప్పటిదాకా చూస్తున్న ఆల్బమ్ మూసేశాడు. ఎక్కువ చెప్పినప్పుడు లేని అనుమానం ఆయన కళ్లలో తగ్గించినప్పుడు కనిపించింది. ముందు చెప్పిన అంకె అబద్ధమని నేనే ఒప్పుకున్నట్టయింది.

తిరుగుదారిలో ఉండి అనే ఊరు దాటాక గానీ జవాబు తట్టలేదు. ఆయన అమ్మే రొయ్యకి రేటు కౌంటుని బట్టే కదా. కిలోకి ముప్పై తూగే రొయ్యకీ వంద తూగే రొయ్యకీ ఒకే ధర ఇమ్మంటే చెరువు గట్టు మీద ఊరుకుంటాడా? ఎంత మంచి జవాబు! బండి మీద ఒక్కణ్ణే గట్టిగా చెప్పుకున్నాను, మైలురాళ్లు విన్నాయి.

ఆ పెళ్లి చేశాను. నాకు మిగిలింది 22,000. అందులో 15,000 రావడానికి నాలుగు నెలలు పట్టింది. అయినా అసలు దెబ్బ అది కాదు. నెల తిరక్కుండా వాళ్ల చుట్టాల్లో ముగ్గురు ఫోన్ చేశారు. “మా బావగారికి లక్షా ఇరవైకే చేశారంట కదా, మాకేంటి?” మా దగ్గర పని బోర్డు చూసి రాదు, బంధుత్వాల మీద వస్తుంది. ఒక వరండాలో తగ్గిస్తే వాళ్ల వియ్యంకుల ఊళ్లో కూడా తగ్గించినట్టే. ఆ ముగ్గురికీ లక్షా ఎనభై అనే చెప్పాను. ముగ్గురూ పోయారు.

మాఘంలో ఒక పెద్ద లగ్గం రోజు ఇంట్లోనే ఉన్నాను. వెనక వీధిలో బ్యాండు మేళం వినిపిస్తోంది. లక్షా పదికి అడిగితే వద్దన్న పెళ్లి అదే. మా ఆవిడ తలుపు వేసి టీవీ సౌండ్ పెంచింది. ఆ రోజు ఎలాగోలా గడిచింది. రేటు నిలబెట్టుకోవడంలో కష్టమైన పని మాట్లాడటం కాదని అప్పుడే తెలిసింది. ఖాళీగా ఉన్న కెమెరా బ్యాగుని చూస్తూ కూర్చోగలగాలి. ఇంట్లో ఆర్నెల్ల ఖర్చు లేకుండా ఈ పని మొదలెట్టొద్దు. మేం చీటీ పాడుకుని ఆ డబ్బు పక్కన పెట్టాక గానీ నా గొంతులో వణుకు పోలేదు.

ఇప్పుడు కొన్ని పద్ధతులు పెట్టుకున్నాను. వరండా బేరాలకి వెళ్లను. పెళ్లికూతురో పెళ్లికొడుకో వీడియో కాల్‌లోనైనా ఉంటేనే మాట. మేనమామలు ఉండొచ్చు, మాట్లాడకూడదు (ఇది పైకి చెప్పను). బుకింగ్‌కి ముప్పై శాతం, పెళ్లికూతుర్ని చేసే రోజు ఉదయానికి యాభై, ఆల్బమ్ ల్యాబుకి వెళ్లేముందు ఇరవై. ఊరికే తగ్గించను. ఏదైనా తీసేస్తేనే తగ్గుతుంది. కమీషన్ పదిహేను శాతం అడిగే ఈవెంట్ మేనేజర్లకి దండం పెట్టేశాను. బయటి ఫొటోగ్రాఫర్ లోపలికి రావాలంటే పదివేలు కట్టాలన్న ఒక కళ్యాణ మండపం మేనేజర్ ఉన్నాడు. సున్నం వేసి పదేళ్లయిన ఆ గోడల్ని అందంగా చూపించేది మేమే, మళ్లీ కప్పం కూడా మేమే కట్టాలట.

ఈ రేటుకి వచ్చాక ఏడాది ఆదాయం 20 లక్షలు దాటింది, జీఎస్టీ తీసుకోవాల్సి వచ్చింది. రిజిస్ట్రేషన్ ఆడిటర్ చూసుకున్నాడు, పెద్ద తంటా ఏమీ లేదు. తంటా అంతా 18 శాతం మీద. “బిల్లు వద్దులే, పన్ను తీసెయ్యి” అనేవాళ్లే ఎక్కువ. తీసెయ్యను.

ఇక కాస్త గొప్ప చెప్పుకుంటాను. తెర దించే క్షణంలో, చేతిలో జీలకర్రబెల్లంతో పెళ్లికూతురు తలెత్తి మొదటిసారి చూసే చూపు ఒక్క సెకను ఉంటుంది. అప్పుడే పదిమంది బంధువులు సెల్‌ఫోన్లతో అడ్డమొస్తారు. పంతులుగారు ఏ పక్క ఒరుగుతారో, మేనత్త చెయ్యి ఎక్కడికొస్తుందో ముందే లెక్కేసుకుని మోకాళ్ల మీద కూర్చుంటాను. అన్ని పెళ్లిళ్లలో ఆ చూపు నాకు తప్పింది రెండేసార్లు. నా కెమెరా సోనీ ఏ7 ఫోర్ రెండు మెమరీ కార్డుల్లోనూ ఒకేసారి రాస్తుంది, ఒక కార్డు చచ్చినా రెండోదాంట్లో ఉంటుంది. మళ్లీ తెర పట్టుకుని ఇంకోసారి చూడమ్మా అనలేం. “నొక్కడమే కదా” అన్నాయన మేనకోడలి చూపు కూడా నా కెమెరాకి చిక్కింది. వాళ్లింటి హాల్లో నాలుగడుగుల ఫ్రేములో ఉందని విన్నాను.

నిన్న డబ్బు వేసింది మొన్న కార్తీకంలో చేసిన పెళ్లివాళ్లు. ఆ అమ్మాయే ఫోన్‌లో మాట్లాడింది. “మీ పని నచ్చిందండి, కానీ అంత పెట్టలేం” అంది. నేను తగ్గిస్తానని అనలేదు. డ్రోన్ తీసేస్తే ఎనిమిది వేలు, రెండో ఆల్బమ్ తీసేస్తే పదిహేను వేలు తగ్గుతాయని చెప్పి నోరు మూసుకున్నాను. ఫోన్‌లో అంత నిశ్శబ్దం భరించడం నాకు కొత్త. గోళ్లు కొరుక్కున్నాను. “రెండూ తీసెయ్యండి, మా ఊళ్లో పైనుంచి చూస్తే కొబ్బరి చెట్లే కదా” అని నవ్వింది. 1,57,000, పన్నుతో 1,85,260. మూడు వాయిదాలూ చెప్పిన రోజుకే వచ్చాయి. ఇప్పుడు ఫొటోలు చూసి వాళ్లమ్మగారు రెండో ఆల్బమ్ కావాలంటున్నారు. పదిహేను వేలూ పన్నూ అని చెప్పాను, సరే అన్నారు.

మొన్న ఆదివారం ఆ కుర్రాడు ఫోన్ చేశాడు. స్పీకర్ సంగతి వాడికి ఎవరో చెప్పే ఉంటారు, మాట నసుగుతున్నాడు. “అన్నా, నేనిప్పుడు లక్షా నలభై చెబుతున్నా. ఎక్కడికెళ్లినా ఎనభై ఐదుకే చేశావంట కదా అంటున్నారన్నా. ఏం చెయ్యమంటావ్?” చెప్పాను, సగం మాత్రమే. ఆర్నెల్ల ఖర్చు దాచుకోమన్నాను. డ్రోనూ ఆల్బమూ తీసేసే కిటుకు మాత్రం చెప్పలేదు. ఇంకా కోపం తగ్గలేదు.